హంగేరీవాడి జెర్సీ

ఆ రోజుల్లో నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. మిషిగన్‌లో మాస్టర్స్ చేస్తున్న నన్ను డిపార్ట్‌మెంట్‌లో ప్రతివాడూ "హాయ్, తాటిపర్తీ!" అని ఇంటిపేరుతో పలకరించేవాడు. మా ముత్తాతల నాటి ఊరి పేరు పట్టుకుని హాయ్ ఏమిటని ఒళ్లు మండిపోయేది. అలా లోకం మీద పళ్లు నూరుకుంటూనే క్యాంపస్ జాబ్ కింద యూనివర్సిటీ సాకర్ టీమ్ సామాన్ల గదిలో చేరాను. జెర్సీలు చూసుకోవడం, ఆటగాళ్ల జాబితా టైప్ చేయడం నా పని.

ఆ ఏడు టీమ్‌లోకి ఓ హంగేరీవాడు వచ్చాడు. ఆస్ట్రియాలో ఓ చిన్న క్లబ్ కుర్రాళ్ల జట్టుకి ఆడి, మోకాలు దెబ్బతిని, చదువుతో పాటు ఆట కూడా దక్కుతుందని ఇక్కడికి చేరినవాడు. పొడుగ్గా ఉండేవాడు, మాట్లాడడమే తక్కువ. అలాంటివాడు మొదటి మ్యాచ్‌కి గంట ముందు మొహం ఎర్రగా చేసుకుని, జెర్సీ పట్టుకుని మా గదిలోకి దూసుకొచ్చాడు.

"ఇదెవడి పని?"

వీపు మీద ఇంటిపేరు ఉండాల్సిన చోట వాళ్లమ్మ పిలిచే పేరుంది. (మనవాడి వీపు మీద 'చిన్నా' అని అచ్చేసినట్టన్నమాట.) హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఫారంలో అతను అలాగే రాశాడు. రెండో మాటే ఇంటిపేరనుకుని ప్రింటింగ్‌కి పంపిన మహానుభావుణ్ణి నేనే.

"మా నాన్న ఊళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని, నా ఆట మొదటిసారి లైవ్‌లో చూస్తున్నాడు. ఇది ఆయన పేరు కాదు. నేను వేసుకోను."

వెనకే వచ్చిన కోచ్ చూయింగ్ గమ్ నములుతూ, "బంతిని పేరుతో తంతావా? వేసుకో, లేదా బెంచ్ మీద కూర్చో" అన్నాడు.

అంతే, నాకు తిక్క రేగింది. "ఇంటిపేరంటే అంత అలుసా నీకు? మీ నాన్న పేరు మార్చేస్తే ఊరుకుంటావా?" అని అచ్చ తెలుగులో అరిచేశాను. (ఇంగ్లీషులో పోట్లాడేంత గ్రామర్ నాకు అప్పటికింకా రాలేదు.)

కోచ్ నమలడం ఆపాడు. "ఏమన్నాడు?"

"తెలీదు. కానీ కరెక్టే అన్నాడు," అన్నాడు హంగేరీవాడు.

కోచ్ చేతులెత్తేసి, పేరు లేని స్పేర్ జెర్సీ వేసుకోమని వెళ్లిపోయాడు. నేను గర్వంగా, మాక్కూడా ఇంటిపేరే ముందు వస్తుందని వివరించాను. హంగేరీవాడు ఫారం వంక చూశాడు, నా వంక చూశాడు.

"మరి నువ్వెలా చేశావ్ ఈ తప్పు?"

నేను గబగబా స్పేర్ జెర్సీ వెతకడంలో పడ్డాను.

మ్యాచ్ రెండో సగంలో అతను తలతో అద్భుతమైన గోల్ కొట్టాడు. నేను ఎగిరి గంతేశాను. స్పీకర్లో మాత్రం బెంచ్ మీద నీళ్లు తాగుతున్న స్పేర్ గోల్‌కీపర్ పేరు మారుమోగింది. పోయినేడు ఆ జెర్సీ నంబర్ వాడిది. జాబితాలో మార్చాల్సింది నేను, మర్చిపోయాను. హంగేరీవాడు గోల్ దగ్గర నిలబడి జనంలో నాకోసం వెతికిన ఆ చూపు ఇప్పటికీ తలుచుకుంటే చెమటలు పడతాయి.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారమంతా నేను కోచ్‌ని, ప్రింటింగ్‌వాణ్ణి, స్పీకర్‌వాణ్ణి వరసపెట్టి తిట్టుకున్నాను. చివరికి తిట్టడానికి నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుడొచ్చాడు, మోకాలికి ఐస్ కట్టుకుని.

"మా నాన్న ఫోన్ చేశాడు. ఎవడి పేరు అరిస్తే ఏంటి, నీ పరుగు నాకు తెలీదా అన్నాడు. నీ మీద నా కోపం మాత్రం పోలేదు," అంటూనే నవ్వేశాడు.

ఆ సీజన్‌తోనే మోకాలు అతని ఆట ఆపేసింది. ఇప్పుడు వాళ్ల ఊళ్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. నేనేమో అమెరికాలోనే, నేపర్‌విల్ అనే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ, మీటింగుల్లో ఎవరేమన్నా మ్యూట్ చేసుకుని నిట్టూర్చే మనిషినయ్యాను. తప్పు తనదై ఉండి కూడా ఇంకొకడి కోసం గొంతు చించుకున్న ఆ తిక్కవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు, నవ్వొస్తుంది. అంత కోపం ఇప్పుడు కావాలన్నా రావడం లేదు.