నజరేతు తరఫున నా వాదన

తెనాలి స్టేషన్లో నా పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ బైబిల్లో పెట్టిన వేలు తియ్యలేదు. మీదే ఊరండి అన్నాను.

"పుట్టింది బాపట్ల. రేపల్లెలో అన్నల దగ్గర పెరిగాను. ఎటెళ్లాలో ఇవాళ తేల్చుకోవాలి. ప్రభువు ఊరంటే పుట్టిన బేత్లెహేమే బాబూ. పెరిగిన నజరేతులో ఊరివాళ్లే ఆయన్ని కొండ మీంచి తొయ్యబోయారు, లూకా నాలుగు చూడు."

మా కొట్లో బేరాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, వాదనలో తగ్గుతానా?

"తోస్తే మాత్రం? సిలువ మీద నజరేయుడనే రాశారు కదండి."

ఆవిడ బైబిల్లోంచి వేలు తీశారు.

"మా అన్నలూ గెంటేశారు. అయినా నువ్వన్నదీ నిజమే," అని పుస్తకం మూసి రేపల్లె రైలెక్కారు.

గెలవాలనే తప్ప, ఆవిడ కోసం ఆలోచించి అన్న మాట కాదది. ఆ అన్నలు తలుపు తీశారో లేదో నాకిప్పటికీ తెలీదు.