వాపసు లేని తుపాకీ

జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో దైవాశీర్వాదం గారు కాపురం పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఈ పద్దెనిమిదేళ్లలో ఆయన కొన్న వస్తువుల జాబితా రాస్తే ఉద్గ్రంథం అవుతుంది. ఇంట్లో మిగిలినవి రాయడానికి పోస్టుకార్డు చాలు. కొన్నదాన్ని గడువు లోపల దుకాణానికి తిరిగి ఇచ్చేయడం ఆయనకు వ్యసనమని గిట్టనివాళ్లు అంటారు. అది అన్యాయం. వ్యసనపరుడికి అప్పుడప్పుడైనా సిగ్గు వేస్తుంది.

ప్రపంచకప్ ముందురోజు గోడంత టీవీ ఇంటికి వచ్చేది, ఫైనల్ మర్నాడు వెళ్లిపోయేది. కొండల్లో మూడు రాత్రులు పడుకున్న డేరాను పైన్ ఆకులతో సహా అప్పగించి, ఎందుకు వద్దని అడిగితే "అంత కంఫర్టబుల్‌గా లేదు" అని గంభీరంగా చెప్పి వచ్చిన ధీశాలి ఆయన. ఆ ఇంటి గరాజ్‌లో కారుకు చోటు లేదు. ఖాళీ అట్టపెట్టెలు మాత్రం గడువు తేదీల వరసలో కొలువుతీరి ఉంటాయి.

భార్య ప్రేమజ్యోతి ఒక్కసారి మాత్రం ఒక వస్తువు మీద మనసు పడింది. నీలం రంగు కేకు మిక్సర్. తొంభై రోజుల గడువులో ఎనభై ఎనిమిదో రోజున ఆమె చర్చిలో పాటల ప్రాక్టీసుకు వెళ్లి వచ్చేసరికి అది ఉన్నచోట బల్ల మాత్రమే ఉంది.

"క్రిస్మస్ కేకులు అయిపోయాయిగా జ్యోతీ" అన్నారాయన.

ఆమె మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఆయన అంగీకారం కింద జమ కట్టుకున్నారు.

ఇలాంటి మహానుభావుడికి తుపాకీ కొనే యోగం పట్టింది. వాళ్ల తెలుగు చర్చి కుటుంబాలన్నీ ఒక శనివారం సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి గురి చూసి కాల్చాలని నిశ్చయించాయి. ఏర్పాట్లన్నీ క్రిస్టినావి. ఇక్కడే పుట్టిన పిల్ల, నర్సు, హైస్కూల్లో రైఫిల్ టీమ్‌లో ఆడింది. రేంజ్‌లో తుపాకులు అద్దెకిస్తారని ఆమె చెప్పింది. కానీ అద్దె అంటే తిరిగిరాని డబ్బు, కొనడమంటే తిరిగొచ్చే డబ్బు. ఇది దైవాశీర్వాదం గారి అర్థశాస్త్రం.

"చిన్న రైఫిల్ ఒకటి కొందాం. శనివారం కాల్చుకుని సోమవారం ఇచ్చేద్దాం."

"ఈ ఒక్కటైనా ఇంట్లో ఉండనివ్వండి" అంది ప్రేమజ్యోతి.

"ఉంటుంది. సోమవారం దాకా."

ఇక పరిశోధన. పాయింట్ ట్వంటీటూ అనే చిన్న తూటా రైఫిళ్లు ఇరవై ఆరింటితో ఆయన ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశారు. అందులో గురి, బరువు ఎక్కడో చివరి గళ్లలో ఉన్నాయి. మొదటి గడి, ఎన్ని రోజుల్లో వాపసు ఇవ్వొచ్చన్నది. ఇరవై ఆరింటికీ అది ఖాళీగానే మిగిలింది. బుద్ధి ఉన్నవాడికి ఆ ఖాళీలో ఏదో ఒకటి కనిపించేది. కంపెనీలవాళ్లు రాయడం మరిచిపోయారని ఆయన తీర్మానించారు.

గురువారం సాయంత్రం క్రిస్టినాను వెంటబెట్టుకుని తుపాకుల కొట్టుకు వెళ్లారు.

"ఫస్ట్ టైమ్ కదా అంకుల్, బోల్ట్ యాక్షన్ తీసుకోండి. ప్రతి షాట్‌కి మీరే బోల్ట్ లాగాలి. స్లోగా, సేఫ్‌గా నేర్చుకుంటారు."

"మరి వరసగా పది పేలేది ఉందిగా? నలభై డాలర్లే తేడా."

"అది కూడా ఫైనే. బట్ బుల్లెట్స్ ఫాస్ట్‌గా అయిపోతాయి."

ఆ మాటతో తేలిపోయింది. కాల్చిన తూటాలను వెనక్కి తీసుకునే పద్ధతి ఇంకా ఏ దేశంలోనూ రాలేదు. చెక్క పిడిదా, ప్లాస్టిక్ పిడిదా అన్న ధర్మసందేహం మరో గంట నడిచింది. గీత పడినా కనిపించదని నల్ల ప్లాస్టిక్‌ది గెలిచింది. అతి తక్కువ ధరది కూడా అదే.

ఫారం నింపి, పోలీసు రికార్డుల తనిఖీ అయ్యాక కౌంటర్ వెనకనున్న ముసలాయన గోడమీది బోర్డు చూపించాడు. అమ్మిన తుపాకులు వెనక్కి తీసుకోము. ఈ గుమ్మం దాటాక ఇది మీదే, అన్నాడు.

"మొదట అందరూ అలాగే అంటారమ్మా" అన్నారు దైవాశీర్వాదం గారు తెలుగులో. "మేనేజర్‌ని అడిగితే వేరే చెబుతాడు."

"ఆయనే ఓనర్ అంకుల్."

శనివారం రేంజ్‌లో ఆయన పెట్టె తెరవగానే చుట్టూ ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆగిపోయారు. రైఫిల్ పిడికి వంటింట్లో గిన్నెల మీద కప్పే ప్లాస్టిక్ పొర నాలుగు చుట్లు చుట్టి ఉంది. ట్రిగ్గర్ దగ్గర ధర చీటీ దారంతో వేలాడుతోంది. ఆనపకాయను ఫ్రిజ్‌లో పెట్టడానికి కూడా ఎవరూ అంత శ్రద్ధ తీసుకోరు.

ఎర్ర చొక్కా వేసుకున్న రేంజ్ ఆఫీసరమ్మ వచ్చి చూసింది. చేతిలో జారుతుంది, చీటీ ట్రిగ్గర్‌కి తగులుతుంది, రెండూ తీసేస్తేనే కాల్చనిస్తానంది. ఇలాగే జాగ్రత్తగా కాలుస్తానని ఆయన బతిమాలారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

దైవాశీర్వాదం గారు ప్లాస్టిక్ వంక చూశారు, నూరు గజాల అవతలి కాగితపు గురి వంక చూశారు. తీస్తే సోమవారం చేజారుతుంది, తీయకపోతే శనివారం. ఎవరికైనా జాలి కలిగే సన్నివేశమే, మనిషి వేరే అయి ఉంటే.

"పొద్దుటి నుంచీ భుజం పట్టేసింది" అంటూ పెట్టె మూయబోయారు.

"ఆగండి" అంది ప్రేమజ్యోతి.

ఆఫీసరమ్మను అడిగి బల్ల దగ్గరకు వచ్చింది. గొట్టం గురి వైపే ఉంచి, గోళ్లతో పొర అంచు దొరకబుచ్చుకుని, అరటిపండు ఒలిచినంత తీరిగ్గా ఒలిచింది. ఆఫీసరమ్మ ఇచ్చిన కత్తెరతో చీటీ దారం కత్తిరించింది. తుపాకీ అందుకున్న ప్రేమజ్యోతి పక్కన క్రిస్టినా కూర్చుని పిడి భుజానికి ఎలా ఆనించాలో, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో చెప్పింది. మొదటి నాలుగు తూటాలూ మట్టిదిబ్బలోకి పోయాయి. అయిదోది కాగితం అంచు చింపింది.

వెనకనున్న చర్చి ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

దైవాశీర్వాదం గారు చెవులకు పెట్టుకున్న డిప్పలు తీసేసి ముందుకు వంగారు.

"జ్యోతీ, ఇంక వాళ్లు తీసుకోరు."

"తెలుసండీ" అంది ఆమె, బోల్ట్ వెనక్కి లాగుతూ. "అవి చెవులకు పెట్టుకోండి. ఇంకో అయిదున్నాయి."