టెస్టు నాడు పార్కుకు పోయిన పిల్లలు

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే మన్నించండి. ఈ సంగతి ఎవరికైనా చెప్పబోతే మధ్యలోనే మాట మార్చేస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

దోహాలో అమెరికా సిలబస్ చెప్పే ఒక బడిలో నేను బస్సు ఆయాను. మాది రాయచోటి పక్క పల్లె. పొద్దున్నే అల్ తుమామాలో పిల్లల్ని ఎక్కించుకుంటాను. బెల్టులు పెడతాను, కొట్టుకుంటే విడదీస్తాను, వాంతి చేసుకుంటే తుడుస్తాను. బడి చేరాక ఆ రోజు బస్సు ఎక్కని పిల్లల పేర్లు చెబుతాను. మా ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి వాటిని ఇంగ్లీషులో రాసుకుంటాడు. కింద నేను సంతకం పెట్టాలి. ఆయనది కడప. నన్ను అక్కా అంటాడు. ఈ పని ఇప్పించింది కూడా ఆయనే.

మా బస్సులో నాలుగో తరగతి పాప ఒకతి ఉండేది. వాళ్ళది నిజామాబాద్. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, నాతో తెలుగు. వాళ్ళ నాన్నకు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆ పాప రోజూ నా పక్కనే కూర్చుని దారిలో కనిపించే బోర్డులు చదివేది. ఒక్కో అక్షరం మీద ఆగి, కూడబలుక్కుని చదివేది. ఆమె చదివినంత నిదానంగా చదివితేనే నాకూ అందేది. అట్లా ఆమె వెనక నేనూ మెల్లగా ఇంగ్లీషు అక్షరాలు పట్టుకున్నాను.

ఎండలు ముదరక ముందు బడిలో ఒక పెద్ద టెస్టు వచ్చింది. దాని గురించి ఇన్‌ఛార్జే నాకు చెప్పాడు.

"ఇది అమెరికా వాళ్ళ టెస్టక్కా. మార్కులు ఆడికే పోతాయి. మన బడిలో చదువు బాగుందా లేదా అని ఆడ పెద్దపెద్దోళ్ళు చూసి చెప్తారు."

"ఇంత దూరం నుంచి ఎట్ల చూస్తారప్పా?"

"అంకెలు చూస్తారు. పిల్లోళ్ళను ఏమన్నా చూస్తారా!"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

టెస్టు రోజు పాప కొత్త రిబ్బన్లతో బస్సెక్కింది. "అబ్బూ డ్యూటీకి పోకముందే నన్ను లేపిండు ఆంటీ. రెండు గుడ్లు తినిపిచ్చిండు. ఇయ్యాల నేను మస్తు రాస్త" అంది.

బడి గేటు దగ్గర పిల్లలు దిగుతుంటే ఇన్‌ఛార్జి ఎక్కాడు. చేతిలో ఉన్న లిస్టు చూసి పాపను ఆపాడు. వేరే బస్సుల నుంచి ఇంకో పదకొండు మందిని తెచ్చి మా బస్సు ఎక్కించాడు.

"వీళ్ళకు ఈపొద్దు పార్కక్కా. జ్యూసులు, బిస్కెట్లు అన్నీ పెట్టినాం. యల్లా, పోండి."

పాప సీటులో కూర్చోలేదు. "నేను పోను. నాకు టెస్ట్ ఉంది" అని మెట్ల దగ్గరే నిలబడింది.

"దానికి చెప్పక్కా. నీ మాటైతే వింటాది" అన్నాడు ఆయన.

నేను ఆమె బ్యాగు తీసుకున్నాను. "మంచి పిల్లలకే తల్లీ ఈ పార్కు. అందర్నీ తీసుకపోరు" అన్నాను.

"మరి టెస్ట్?"

"మళ్ళీ పెడతార్లే."

మళ్ళీ పెడతారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట నేనే అల్లాను. పాప నా ముఖం చూసి, వచ్చి కూర్చుంది. ఇన్‌ఛార్జి ఒక కాగితం తీశాడు. పేర్లు ముందే రాసి ఉన్నాయి. నేనింకా ఆ రోజు రానివాళ్ళ పేర్లు చెప్పనే లేదు. అయినా చదవాలని అనిపించలేదు. మన వైపు మనిషి, రోజూ పెట్టే సంతకం. మోకాలి మీద ఆనించి పెట్టేశాను.

పార్కులో పిల్లలు బాగా ఆడుకున్నారు. పాప కూడా జారుడుబండ ఎక్కింది. నాకు సంతోషమే అనిపించింది.

రెండు వారాల తర్వాత టెస్టు రాసిన పిల్లలందరికీ మార్కుల కాగితాలు వచ్చాయి. పాపకు రాలేదు. వాళ్ళ నాన్న సెలవు రోజు చూసుకుని బడికి వచ్చాడు. నన్ను ఆఫీసులోకి పిలిచారు. బల్ల వెనక ఆఫీసు మేడం, పక్కన మా ఇన్‌ఛార్జి, ఇటు పాప, వాళ్ళ నాన్న ఉన్నారు. బల్ల మీద నేను సంతకం పెట్టిన కాగితం ఉంది.

పాప దాని మీద వేలు పెట్టి చదివింది. ఒక్కో మాట దగ్గర ఆగింది గానీ ఏదీ వదల్లేదు. తర్వాత వాళ్ళ నాన్నతో అంది, "ఆ రోజు నేను బస్సే ఎక్కలేదని రాసుంది అబ్బూ. నా పేరుంది. కింద ఆంటీ సంతకం."

ఆయన నా వైపు తిరిగాడు. "అక్కా, పిల్లను నేనే బస్సెక్కిచ్చి డ్యూటీకి పోయిన. మీరు గిట్లెట్ల రాసిన్రు?"

ఇన్‌ఛార్జి నా వైపు కళ్ళు పెద్దవి చేశాడు. "అక్కకు గుర్తుండదులే భాయ్, రోజూ ఇంతమంది పిల్లోళ్ళు" అన్నాడు.

"గుర్తుంది" అన్నాను. "పాప వచ్చింది సార్. ఆ పొద్దు నేనే పార్కుకు తీసుకపోయినా. దీంట్లో ఏముందో చదవకుండా సంతకం పెట్టినా."

పాప వాళ్ళ నాన్న అది మేడంకు హిందీలో చెప్పాడు. ఆమె కాగితాన్ని ఫైల్లో పెట్టేసి, పాపకు మళ్ళీ టెస్టు పెడతామంది. ఈ మార్కులు బడిలోనే ఉంటాయట. అమెరికాకు పంపే లెక్క ఎప్పుడో అయిపోయిందట. మిగతా పదకొండు మంది సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బయటికి వచ్చాక ఇన్‌ఛార్జిని పట్టుకున్నాను.

"పైనుంచి చెప్పినారక్కా. చదవలేనోళ్ళు రాస్తే బడికి పేరు పోతాదంట. నేనేం చేసేది?"

"నాకు చెప్పొచ్చు కదప్పా."

"చెప్తే నువ్వు ఆ పిల్లను బస్సులో కూచోబెడతావా?"

పాప నా మాట వింటుందని తెలిసే నన్ను వాడుకున్నాడు. ఎక్కడో అమెరికాలో ఎవరో ఆ అంకెలు చూసి, ఈ బడిలో పిల్లలు బాగా చదువుతున్నారని రాసుకుని ఉంటారు. ఆ పూట మా పన్నెండు మంది ఉయ్యాలలు ఊగుతున్నారని వాళ్ళకు ఎవరు చెబుతారు?

పాప వరండాలో నిలబడి ఉంది.

"మీకు తెలుసా ఆంటీ?"

"తెలీదు తల్లీ. ఒట్టు."

"మంచి పిల్లలకే అని మీరే అన్నరు గద."

తర్వాతి వారం ఆమెను ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి టెస్టు పెట్టారు. ఆ సాయంత్రం గేటు దగ్గర వాళ్ళ నాన్న నాతో, "మార్కులు మంచిగనే వచ్చినయక్కా. క్లాసుల సగం మందికంటే ఎక్కువనేనట. టీచరే పరేషానయింది" అన్నాడు. ఆయనకు నా మీద కోపం లేదు.

"నేను చెప్పినా కదా తల్లీ, మళ్ళీ పెడతారని" అన్నాను, నవ్వించాలని.

పాప నవ్వలేదు. వాళ్ళ నాన్న వేలు పట్టుకుని, "మీకు తెల్వకనే చెప్పిన్రు" అంది.