మించో చేయి చేసుకున్న నర్సు

గోర్నా ఒర్యహోవిత్సా అనే ఊళ్లో రైలింజను డ్రైవరు మించో అంటే నిదానానికి పెట్టింది పేరు. ఉద్యోగమంతా ఒక్క ఎర్ర సిగ్నలైనా దాటకుండా బళ్లు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో కూడా గొంతు పెంచి ఎరగడు. అలాంటి మనిషి గుండెకు బైపాస్ చేయించుకున్న మర్నాడు ఐసీయూలో నర్సును ముఖం మీద కొట్టాడు.

అతనికి ఆ సంగతి సరిగ్గా గుర్తులేదు. మానిటర్ల వెలుగులు సిగ్నళ్లలా కనిపించాయి. బండి పల్లంలోకి జారిపోతోంది, వెనక పెట్టెల నిండా జనం, బ్రేకు అందడం లేదు. చేతులకు అడ్డం పడుతున్న గొట్టాలను లాగిపారేశాడు. ఎవరో ఆడమనిషి వచ్చి చేతులు పట్టుకుంది. ఆపైన అంతా మసక.

మతి కుదుటపడ్డాక భార్య దొంకాను అడిగాడు.

"నేనేమైనా చేశానా?"

"ఏం చెయ్యలేదు. ముందా సూప్ తాగు."

"మరి ఆ నర్సు వెలిచ్కా పెదవి ఎందుకు వాచింది?"

దొంకా చెంచా కింద పెట్టేసింది. "నువ్వు కావాలని చేశావా ఏంటి? ఇంత పెద్ద ఆపరేషన్ తర్వాత కొంతమందికి మతి అలా చెదురుతుందట. సర్దుకుంటుందంది డాక్టరమ్మ."

సర్దుకుంది. కానీ మించోకు తన మీద తనకే నమ్మకం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసేటప్పుడు వెలిచ్కా ఎదురైతే ముఖం తిప్పేసుకున్నాడు. పక్కింటివాళ్లు పసిదాన్ని చూపించడానికి తెస్తే దూరంగా జరిగి, "డాక్టరమ్మ బరువులెత్తొద్దంది" అనేవాడు. ఒళ్లో కూర్చోబెట్టుకోకపోవడానికి కూడా అదే సాకు.

ఒకరోజు దొంకా పెరట్లో మిరపకాయలు కాలుస్తుంటే ఆ పొగకు మించోకు దగ్గొచ్చింది. రొమ్ములో ఏదో టక్కుమంది. సాయంత్రానికి చొక్కా ముందువైపు తడిసింది, చలిజ్వరం పట్టుకుంది. రొమ్మెముకకు చీము పట్టిందనీ, ఎముకను కలిపి కట్టిన తీగలు వదులయ్యాయనీ, మళ్లీ తెరవాలనీ డాక్టర్లు తేల్చారు.

చావు గురించి అతనికి బెంగ లేదు. మళ్లీ ఆ బండెక్కుతానేమోనన్నదే భయం.

ఆపరేషనుకు ముందు వెలిచ్కా బీపీ చూడ్డానికి వచ్చింది. మించో తల వంచుకున్నాడు.

"అమ్మాయ్, ఈసారి నా చేతులు కట్టేయండి."

"ఎందుకు బాబాయ్?"

"నిన్ను కొట్టాను కదా."

పర్వాలేదులే అంటుందనుకున్నాడు. ఆమె అనలేదు.

"కొట్టావు. గట్టిగానే తగిలింది. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను కూడా."

"తప్పైపోయింది, తల్లీ."

"సరే. చేతులు మాత్రం కట్టం. కడితే ఇంకా బెదిరిపోతావు. మెలకువ రాగానే పిన్నిని లోపలికి పిలుస్తాను. ఏం కనిపించినా నన్నడుగు. నీలో నువ్వే పెట్టుకోకు."

మెలకువ వచ్చాక వెలుగులు మళ్లీ కదిలాయి. దొంకా చేయి పట్టుకుని కూర్చుంది.

"వెలిచ్కా, బండి పోతోందా?"

"లేదు బాబాయ్. మంచం మీదున్నావు. బయట వాన పడుతోంది."

మించోకు మాత్రం పట్టాల చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది. అయినా, దెబ్బ తగిలిందని మొహం మీదే చెప్పిన పిల్ల ఇప్పుడెందుకు అబద్ధమాడుతుంది? దొంకా కూడా ముందు ఏం జరగలేదంది, ఈమె మాత్రం జరిగిందంది. బిగించిన పిడికిలి మెల్లగా వదిలాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది. ఎన్నిసార్లడిగినా విసుక్కోలేదు.

పుండు మానడానికి చలికాలమంతా పట్టింది. రొమ్మెముక కాస్త వంకరగా అతుక్కుంది. మనుషుల పేర్లు కొన్ని నోటికి రావు.

వసంతంలో పరీక్షకు వెళ్లినప్పుడు ఐసీయూ బయట ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. గుండె ఆపరేషనైన భర్త ఆమెను దొంగ అన్నాడట, బయటికి పొమ్మన్నాడట. మించో ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేనైతే నర్సును కొట్టాను" అన్నాడు.

ఆమె అతణ్ణి పైకీ కిందకీ చూసింది. "మళ్లీ మామూలు మనిషవుతాడా అన్నా?"

"నాకు మతి చాలావరకు తిరిగొచ్చింది చెల్లెమ్మా. అంతా వచ్చిందని మాత్రం చెప్పలేను."