ఎదురింటి గోడ పసుపు

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మా ఆయన చింతామణి ఊరి హైస్కూల్లో డ్రాయింగు మేష్టరు. మనుషుల్ని ఇట్టే నమ్మేవారు గానీ, రంగుల్ని మాత్రం చచ్చినా నమ్మేవారు కాదు. అంగట్లో చీర చూపిస్తే వీధిలోకి పట్టుకెళ్ళి వెలుతుర్లో చూసేవారు. ఒకసారి ఇత్తడి బిందె బొమ్మ వేస్తూ దాని పొట్ట మీద ఎరుపు పూశారు. ఇదేమిటని అడిగితే, "నీ చీర నీడ అది. పక్కన ఏముంటే దాని రంగు అంటుకుంటాది" అన్నారు. ఆ ఎరుపు నాకు కనిపించనే లేదు.

ఆ ఎండాకాలం నాకు అన్నం సయించడం మానేసింది. మా అత్త నా కళ్ళలోకి చూసి, "అమ్మణ్ణీ, కామెర్ల మాదిరి ఉండాదే" అంది. మా అక్క పోయింది ఆ రోగంతోనే.

ఆయన కాగితం మీంచి తలెత్తకుండానే కొట్టిపారేశారు.

"ఎదురింటి బెల్లం అంగడోళ్ళు గోడకు పసుపు కొట్టించినారు గదమ్మా. ఎండ దాని మీద పడి మనింట్లోకి వస్తాండాది. పైగా ఇది ఊదా చీర కట్టింది. పసుపుకు ఊదా ఎదురు రంగు. పక్కపక్కన పెడితే రెండూ రేగుతాయి."

నమ్మాలనే ఉంది నాకు. కానీ చీర మార్చి అద్దం చూసుకున్నాను, కిటికీ మూసి చూసుకున్నాను. గోడను అనుమానించాను, అద్దాన్ని అనుమానించాను. చివరికి ఆయన్నే అనుమానించాను. అంత తేలిగ్గా మాట్లాడుతున్నారంటే, అంతా తెలిసే నన్ను మభ్యపెడుతున్నారేమో!

నా పోరు పడలేక ఒక పొద్దున ఆ గోడ కనబడని పెరట్లోకి తీసుకెళ్ళారు. నిజం తేలాలంటే ముఖం పక్కన తెల్లనిది ఉండాలంటూ, ఉతికిన దుప్పటి తెచ్చి నా తల మీద కప్పబోయారు. అత్త కయ్యిమంది.

"రేయ్! మొగుడు బతికుండంగానే దానికి తెల్లగుడ్డ కప్పుతావా?"

ఆయన దుప్పటి కింద పడేశారు. తన ఒంటి మీదున్నది తెల్లచొక్కాయే. పట్టపగలు, కన్నతల్లి ఎదుటే, నా తల పట్టుకుని రొమ్ముకు ఆనించుకున్నారు. గడ్డం పైకెత్తి కళ్ళలోకి చూశారు. సిగ్గుతో నాకు చచ్చినంత పనైంది.

చాలాసేపు చూశారు. వేలితో నా కంటి కింది రెప్ప లాగి మళ్ళీ చూశారు.

"చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి పోదాం, పద" అన్నారు.

ఆయన నన్ను మభ్యపెట్టలేదు. ఇన్నాళ్ళూ నా ముఖంలోకి చూడటానికే భయపడ్డారు.