మా బావ కొన్న సబ్బుపెట్టె కెమెరా

మా బావ కెమెరా కొనేముందు నన్నొక్క మాట అడగలేదు. విజయనగరంలో ఇరవయ్యేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను, ఆయన పెళ్ళానికి అన్నయ్యని, ఊళ్ళో సగం మంది పాస్‌పోర్ట్ ఫోటోలు నా చేతివే. అయినా సరే. కొనేశాక అడిగాడు. అక్కడే నాకు మొదటిసారి మండింది.

ఆయన ఆమదాలవలసలో బడి పంతులు. అప్పటికి వాళ్ళింట్లో మా అమ్మ పది రోజులుండి, ఆయనతో పాటే పాసింజరులో తిరిగొచ్చింది. అమ్మని ఇంట్లో దింపి, ఆయన నేరుగా స్టూడియోకొచ్చాడు. చొక్కా జేబులోంచి సబ్బుపెట్టెంత కెమెరా తీసి నా బల్ల మీద పెట్టాడు.

"బావా, కొత్తగా నేర్సుకునేవోడికి ఇది పనికొస్తాదా నేదా, నువ్వే సెప్పాలి. కొని మూడ్రోజులైంది. పది రోజుల్లోగా తెచ్చిస్తే కొట్టువోడు తీసీసుకుంటానన్నాడు. నువ్వు ఉంచమంటే ఉంచుతాను, వద్దంటే ఇచ్చేస్తాను."

"ఇప్పుడెందుకోయ్ నీకిది?"

"సిన్నప్పట్నుంచీ కోరిక బావా. మా సర్సీలో సండే స్కూలు పిల్లల్ని తీద్దామని."

ఎప్పుడూ ఏదీ కావాలనని మనిషి. మొహం చూస్తే ఉంచమంటానని ఎంత ఆశగా ఉన్నాడో తెలిసిపోతోంది. వచ్చే శనివారం వస్తానని చెప్పి, కెమెరా నా దగ్గర వదిలి వెళ్ళిపోయాడు.

అప్పటికే తీసిన ఫోటోలు అందులో ఉంటే చూశాను. ఒకదాంట్లో కాళ్ళు, ఒకదాంట్లో సగం కోడి, ఇంకోదాంట్లో ఆయన బొటనవేలే. నవ్వుకున్నాను, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. ఆ తర్వాత ఫోటో మా అమ్మది.

చెల్లెలింటి పెరట్లో, చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతోంది. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుపోయేలా, నోరంతా తెరిచి నవ్వుతోంది. ముందు రెండు ఎత్తుపళ్ళూ బయటికే ఉన్నాయి. ఫోటో కాస్త పక్కకి ఒరిగింది, ఓ మూల ఎండ తెల్లగా కొట్టింది. అయినా అంత బతికున్న ఫోటో నేను జన్మలో తియ్యలేదు.

తలెత్తి గోడకేసి చూశాను. మా స్టూడియో గోడకి అమ్మ ఫోటో ఒకటి ఉంది. నా జీవితంలో నేను తీసిన మొట్టమొదటి ఫోటో అది. మెడ నిటారుగా, చూపు సూటిగా, పెదాలు బిగించి ఉంటుంది. ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి కొత్త చీర కట్టించి, గొడుగు లైట్లు పెట్టి తీశాను. ప్రతిదాంట్లో అవే బిగించిన పెదాలు. కెమెరా ముందు ఆవిడకి నవ్వు రాదనుకుని ఊరుకున్నాను. నిన్నగాక మొన్న కెమెరా పట్టినవాడికి ఆ నవ్వు ఎలా దొరికిందో! ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు నాకే గుచ్చుకున్నాయి.

ఇంక చూడండి నా పరీక్ష. వారం రోజులు కోడిగుడ్డుకి ఈకలు పీకాను. మిట్టమధ్యాహ్నం కోట దగ్గరికి పట్టుకెళ్ళాను. కంటికి ఆనించుకుని చూసే కిటికీ లేదు దీనికి, వెనక తెర ఒక్కటే. ఎండలో ఆ తెర మీద నా మొహమే కనిపించింది. రైలు గేటు దగ్గర నిలబడి బండి వస్తుంటే మీట నొక్కాను. అది ఆలోచించుకుని క్లిక్కుమనేసరికి ఆఖరి పెట్టె దక్కింది. దీపం వెలుగులో తీస్తే ఫోటో ఇసక చల్లినట్టు వచ్చింది. దగ్గర్నించి ఫ్లాష్ కొడితే మా వీధి టీకొట్టాయన మొహం సున్నం కొట్టిన గోడైపోయింది. ఒక్కో తప్పూ దొరుకుతుంటే పండగే నాకు.

మంచి కూడా కనిపించింది, కనిపించకపోవడానికి గుడ్డివాణ్ణా? వెలుతురు లెక్కలన్నీ అదే చూసుకుంటుంది. మీట సగం నొక్కి ఓ క్షణం ఆగితే మనిషి మొహం దానంతటదే పట్టుకుంటుంది. పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, ఏ కిళ్ళీకొట్లోనైనా దొరుకుతాయి. జేబులో ఉంటుంది కాబట్టి అవసరానికి చేతిలో ఉంటుంది. కొత్తవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఈ మాటలన్నీ నాలో నేనే అనుకున్నాను, పైకి మాత్రం రానివ్వలేదు.

ఆఖరికి ఇంట్లో అమ్మ మీదే ప్రయోగం చేశాను. ఉల్లిపాయలు తరుగుతోంది, చెల్లెలి గురించి ఏదో చెప్తూ నవ్వుతోంది. గబుక్కున కెమెరా ఎత్తాను. అంతే, పెదాలు బిగుసుకున్నాయి. ఐదుసార్లు తీశాను. అదే కెమెరా, అదే అమ్మ, ఐదుసార్లూ అదే మూసిన నోరు.

ఆ కోపంలోనే బావకి ఫోన్ చేశాను. "దండగమారి సరుకు బావా. కొత్తోళ్ళకి అస్సలు పనికిరాదు. ఇచ్చేయ్" అన్నాను. "సరే బావా, నీకు తెలీదా ఏటి" అన్నాడు. అంత తేలిగ్గా నమ్మేశాడని కూడా తిట్టుకున్నాను.

శనివారం బావ మా ఇంటికే వచ్చి, కెమెరాని అట్టపెట్టెలో సర్దుతున్నాడు. అమ్మ టీ తెచ్చింది.

"ఇచ్చేస్తన్నావేటి బాబూ? మరి నా బొమ్మో?"

"బావ బాగోనేదన్నాడత్తా."

అమ్మ మొహం చిన్నబోయింది. నేనింక ఆగలేకపోయాను.

"ఒక్క మాట అడుగుతానమ్మా, నిజం సెప్పు. ఈయన ముందు పళ్ళన్నీ ఇకిలించీసావు. ఇరవయ్యేళ్ళలో నాకొక్కసారైనా నవ్వావా?"

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "అదేటిరా, నువ్వే కదా నోరు ముయ్యమన్నావు."

"నేనా? ఎప్పుడు?"

"నీ మొదటి బొమ్మ తీసినప్పుడు. పళ్ళు కనిపిస్తే బొమ్మ పాడైపోద్దన్నావు. నీ పని నా వల్ల పాడవకూడదని అప్పట్నుంచీ మూసుకునే కూకుంటన్నాను. అల్లుడంటే ఇంకా నేర్సుకుంటన్నాడు కదా. పాడైనా పర్నేదని నవ్వీసాను."

అప్పుడు గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళవాణ్ణి. స్టూడియోలో పని నేర్పే ఆయన, మిగిలిన రీలులో ఒక్కటంటే ఒక్క ఫోటో తీసుకోనిచ్చాడు. అమ్మని కూచోబెట్టాను. కొడుకు చేతిలో కెమెరా చూసి సంబరంగా నవ్వింది. "నోరు ముయ్యమ్మా, ఎత్తుపళ్ళు కనిపిస్తన్నాయి" అని కసిరాను. ఆ మాట తర్వాత వేలమందికి చెప్పాను, అది మా పనిలో అలవాటు. మిగతావాళ్ళు లైటు ఆరగానే మర్చిపోయారు.

"బావా, ఆ పెట్టె కట్టకు" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. "కెమెరా బావుంది. నాకే కుళ్ళు పుట్టింది. ఎండలో తెర కనిపించకపోతే పిల్లల్ని నీడలోకి పిలు. మీట ముందే సగం నొక్కి ఉంచుకో. అంతే, ఇంకేం అక్కర్లేదు."

ఆయన కోప్పడలేదు. "బతికించావు బావా" అని కెమెరా బయటికి తీసి తువ్వాలుతో తుడవడం మొదలెట్టాడు. కోప్పడితే బాగుండేది.

ఆయన చేతిలోంచి కెమెరా తీసుకున్నాను. "అమ్మా, నవ్వు. పాడైనా పర్నేదు" అన్నాను. నవ్వింది. నేను కెమెరా ఎత్తగానే పెదాలు మూసుకుపోయాయి. మళ్ళీ అడిగాను. మళ్ళీ అంతే. ఆవిడకే బాధేసింది.

"నావల్ల కాదురా. నువ్వు తీస్తే పాడైపోద్దేమోనని బయమేస్తాది. అల్లుడికిచ్చీసి, నువ్వొచ్చి నా పక్కన కూకో."

ఇచ్చేశాను. వెళ్ళి కూచున్నాను. బావ రెండుసార్లు తడబడి తీశాడు. ఆ ఫోటోలో మా అమ్మ పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. పక్కన నేనే, నోరు మూసుకుని కూచున్నాను.