పోలిక దొరికేదాకా నమ్మని ఆమ్‌రైన్

మా డాక్టర్ ఆమ్‌రైన్, పక్కన పోలికకి మరొకటి పెట్టి చూడందే దేన్నీ నమ్మేవాడు కాదు. కాఫీ రెండు కప్పులు తెప్పించుకుని ఒకదాంట్లోనే చక్కెర వేసేవాడు. బూట్లు కొంటే ఒక కాలికి కొత్తది, రెండోదానికి పాతది తొడుక్కుని వారంపాటు మా బాసెల్ ఊరి ట్రాముల్లో తిరిగాడు.

"పెళ్ళయ్యాక సుఖంగానే ఉన్నాననిపిస్తోంది. కానీ పోలిక ఏదీ?" అన్నాడొకసారి అందరి ముందూ.

"పెళ్ళికి ముందు నలభై ఏళ్ళు నీ మొహం చూసినవాళ్ళని అడుగు," అంది ఆయన భార్య అన్నెలీస్.

ఎనభైల్లో నేను ఆయన దగ్గర పరిశోధన చేసేదాన్ని. యాంటీబాడీ జన్యువు ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. మరి రోగాలతో పోరాడే తెల్ల కణాల్లోనే ఎందుకు మేలుకుంటుంది? జన్యువు ముందున్న చిన్న డీఎన్‌ఏ ముక్కని ఏదో ప్రోటీన్ పట్టుకుని లేపుతోందని మా అనుమానం. జిగురు పలకలాంటి జెల్‌లో కరెంటు పెడితే ఒట్టి డీఎన్‌ఏ చకచకా కిందికి దిగిపోతుంది. ప్రోటీన్ పట్టుకుంటే బరువెక్కి పైనే ఆగిపోతుంది. ఒకరోజు ఆ జెల్‌కి తీసిన ఫిల్మ్ కడిగితే పైన నల్లటి గీత కనిపించింది.

"డాక్టర్ గారూ, పట్టుకుంది," అన్నాను.

"ఏ ముక్క ఇచ్చినా పట్టుకుంటుందేమో. పోలిక ఏదీ?"

డీఎన్‌ఏ అక్షరాలు మార్చిన ముక్కతో చేశాను. గీత రాలేదు.

"బానే ఉంది ఉర్సీనా. కానీ కాలేయ కణాల్లోనూ ఈ ప్రోటీన్ ఉందేమో. పోలిక ఏదీ?"

అది మొదలుపెట్టేలోగా నాకే కామెర్లొచ్చాయి. "ముందు నీ కాలేయం సంగతి చూసుకో," అని ఆయనే నన్ను మా ఊరికి రైలెక్కించాడు.

కోలుకుని తిరిగొచ్చేసరికి అమెరికా వాళ్ళ వ్యాసం అచ్చయిపోయింది. అదే ముక్క, అదే గీత.

"రాసెయ్యవయ్యా అంటే పోలిక మిగిలిందన్నావు. ఇప్పుడు వాళ్ళ వ్యాసం పక్కన నీ మొహం పెట్టి పోల్చుకో," అని మా విభాగం పెద్ద ఫ్రిక్కర్ నడవాలో అందరూ వినేలా దులిపేశాడు. ఆమ్‌రైన్ తల వంచుకుని నిలబడ్డాడు. మా వ్యాసం తర్వాతెప్పుడో ఓ చిన్న పత్రికలో వచ్చింది, నా పేరు ముందుగా. మా వ్యాసాల్లో ముందు పేరుదే ఘనత. ఆయన్ని మాత్రం ఏ పెద్ద సభకీ ఎవరూ పిలవలేదు. ఇరవై ఏళ్ళు విభాగంలో ఓ మూల గదిలోనే ఉండిపోయాడు.

ఆయన రిటైరైన రోజు భోజనాల దగ్గర అన్నెలీస్ నా పక్కన కూర్చుంది.

"ఆ కాలేయం ప్రయోగం నువ్వు ఊరెళ్ళిన వారంలోనే ఈయన చేసేశాడు," అంది. "గీత రాలేదు. అంతా సరిపోయింది."

"మరి రాయలేదేం?"

"ఊళ్ళో లేని పిల్ల పేరెందుకు, నా మనిషి పేరు ముందు పెట్టు అన్నాడు ఫ్రిక్కర్. ఇంకేముంది, అడిగినప్పుడల్లా పోలిక మిగిలిందంటూ ఈయన నీ కోసం కూర్చున్నాడు. ఈయన పిచ్చి తెలిసిందేగా, ఎవరికీ అనుమానం రాలేదు. అమెరికా వ్యాసం వచ్చిన రోజు మాత్రం భోజనం ముట్టలేదు."

లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను. "నాకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదా, డాక్టర్ గారూ?"

"చెబితే ఆ కామెర్లతోనే రైలెక్కి వచ్చేదానివి."

నిజమే, వచ్చేదాన్నే.

ఆయన అన్నెలీస్ వైపు చురచురా చూశాడు. ఆవిడ తాపీగా మా ముగ్గురి గ్లాసుల్లోనూ వైన్ పోసింది.